గేరు పూసిన కుండీలు

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు కనిపిస్తే పెద్దవాళ్ళు తాము సాధించినవి చెబుతారు. నేను పాడు చేసిన పని ఒకటి చెబుతాను. అదీ నిర్లక్ష్యంగా కాదు, మనసు పెట్టి, డెబ్బై రెండు కుండీలకి ఒక్కోదానికి రెండేసి పూతలు వేయించి మరీ పాడు చేశాను.

నేను జంషెడ్‌పూర్‌లో ఒక ఉక్కు కర్మాగారం తోటల విభాగంలో సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. అంతకుముందు పదేళ్ళు స్లాగు యార్డులో ఉన్నాను. స్లాగంటే ఉక్కు తీశాక మిగిలే చిట్టెం, కొండలు కొండలుగా పడి ఉంటుంది. అక్కడి దుమ్ముకి ఊపిరితిత్తులు మొరాయిస్తే నన్ను నర్సరీకి మార్చారు. మా నాన్న శ్రీకాకుళం వైపు పొలం పనులు వదిలి ఇనుము పనికి వచ్చాడు, నేను ఇనుము వదిలి మళ్ళీ మట్టిలోకి వెళ్ళాను. మా ఆవిడ దీన్ని ప్రమోషన్ అని ఎప్పుడూ ఒప్పుకోలేదు.

పెద్ద అధికారులెవరైనా వస్తున్నారని కబురందితే మా సెక్షనుకి ఒక పద్ధతి ఉండేది. చెట్ల మొదళ్ళకి సున్నం, అంచు ఇటుకలకి సున్నం, కుండీలకి గేరు. గేరంటే జేగురు రంగు, బకెట్లో నీళ్ళతో కలిపి కుంచెతో పూస్తారు. పూసేముందు కుండీని తీగ బ్రష్షుతో గీకాలి, పాచి మీద రంగు నిలవదు. ఆ తరువాత పొడుగు మొక్కలు ముందుకి, గిడసబారినవి వెనక్కి, వాడిపోయినవి ఆకుపచ్చ వల చాటుకి. మూడు రోజుల పని ఒక్క రోజులో చేయించేవాణ్ణి. ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ నా సెక్షను మీద మాట పడలేదు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది, ఎదుటివాళ్ళకి కనబడేంత ఉండేది.

రిటైర్మెంటు రెండేళ్ళుందనగా ఒక విశ్వవిద్యాలయం మా కర్మాగారంతో కలిసి పరిశోధన మొదలుపెట్టింది. స్లాగుని మెత్తగా పొడి చేసి వరికి వేస్తే, అందులోని సిలికాన్ మొక్కకి పట్టి నీటి ఎద్దడిని తట్టుకునే బలం వస్తుందా అన్నది ప్రశ్న. ఈ చుట్టుపక్కల ఎర్ర నేలల్లో వాన మొహం చాటేసిన ఏడాది అది చిన్న ప్రశ్న కాదు. మావాళ్ళకి ఇంకో ఆశ కూడా ఉంది, ఆ చిట్టెం కొండలకి ఒక దారి దొరుకుతుందని. నర్సరీలో పాలిథిన్ కప్పు వేసి, కింద డెబ్బై రెండు కుండీల్లో వరి పెట్టారు. మూడోవంతు కుండీల్లో స్లాగు లేదు, మూడోవంతులో సగం మోతాదు, మిగతా వాటిలో పూర్తి మోతాదు. మళ్ళీ అన్నిట్లోనూ సగానికి నీళ్ళు, సగానికి ఎద్దడి. ఏది ఎక్కడుండాలో చీట్లు తీసి నిర్ణయించారట. అందుకని చూడ్డానికి అంతా కలగాపులగంగా ఉండేది. పొడుగుదాని పక్కన పొట్టిది, పచ్చదాని పక్కన వాడిపోయింది. అటు వెళ్ళినప్పుడల్లా సర్దడానికి నా చేతులు దురదపెట్టేవి.

ఆ కుండీలు చూసుకోవడానికి విశ్వవిద్యాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. డాక్టరేటు చేస్తోంది. స్టేషను పక్క రైల్వే కాలనీలో పెరిగిన తెలుగు పిల్లేనని తెలిసి మొదటిరోజే పలకరించాను.

"ఏటమ్మా, మనోలేనట కదా. ఏ ఊరు మీది?"

"స్టేషన్ కే పాస్, అంకుల్."

"అది నాకూ తెలుసు. అసలూరు ఏటని అడుగుతన్నాను."

"వో తో దాదీకో పతా హై," అంది నవ్వుతూ. అసలు ఊరు వాళ్ళ నాన్నమ్మకే తెలుసట. నేను తెలుగులో అడగడం, ఆమె హిందీలో చెప్పడం, మా కబుర్లన్నీ చివరిదాకా ఇలాగే నడిచాయి. ఇక్కడ ఆమె మాటలు చాలావరకు నేనే తెలుగు చేసి రాస్తున్నాను.

పట్టుదల గల పిల్ల. అంతకుముందు సీజనులో ఆమె మొక్కలు తెగులొచ్చి పోయాయి. స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడింది, ఈ పంట చేతికొస్తేనే పట్టా. అందుకని పొద్దున్న ఏడింటికల్లా నోటుబుక్కుతో హాజరయ్యేది. కుండీలకి మార్కరుతో నంబర్లు వేసింది, పుల్లలకి రేకు ముక్కలు కట్టి గుచ్చింది. ఎద్దడి కుండీలకి ఎట్టి పరిస్థితిలోనూ నీళ్ళు పోయొద్దని నాకు పదిసార్లు చెప్పింది. నేను పదిసార్లూ తలూపాను.

ఎద్దడి పెట్టి పదిరోజులైంది. ఏవో పరీక్షలు చేయించడానికి ఆమె విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. కర్మాగారం పెద్దాయన మర్నాడు నర్సరీకి వస్తున్నారు, పరిశోధన చూస్తారట.

ఇక నన్ను పట్టుకునేదెవరు. తెల్లారేసరికి గ్యాంగుని దింపాను. రేకు ముక్కల పుల్లలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని పీకించి, కట్టకట్టి, జాగ్రత్తగా గదిలో పెట్టించాను. కుండీలన్నీ తీగ బ్రష్షుతో గీకించాను. గేరు రెండు పూతలు. ఆరాక పచ్చగా, పొడుగ్గా ఉన్నవాటిని ముందుకి జరిపించి పరేడులో నిలబెట్టినట్టు నిలబెట్టాను. ఆకులు చుట్టుకుపోయినవాటిని వెనక వల చాటున పెట్టించాను. నర్సరీలో ఇరవై ఏళ్ళుగా మాలీగా పనిచేస్తున్న ఒకావిడ ఉండేది, మేమంతా దీదీ అనేవాళ్ళం. కుంచె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"నంబర్లు పోతాయేమో బాబూ," అంది.

"ఆ పాప బుక్కులో అన్నీ రాసుకుంది. నువ్వు పూసీ," అన్నాను.

నీళ్ళు మాత్రం ఒక్క చుక్క పోయనివ్వలేదు. చెప్పిన మాట మీద నిలబడ్డానని నా ఆనందం.

పెద్దాయన వచ్చారు, ముందు వరసని చూసి ఆగిపోయారు. స్లాగుని ఎరువుగా మార్చే పని చూస్తున్న మా మేనేజరు పక్కనే ఉండి, చూడండి సార్ మన స్లాగు మహిమ అన్నాడు. ముందు వరసతో పెద్దాయన ఫొటో దిగారు. మేనేజరు నా భుజం తట్టాడు. ఇంటికెళ్ళి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. పాలిథిన్ కప్పు కింద అడుగుపెట్టి అలాగే నిలబడిపోయింది. తరువాత నోటుబుక్కు తెరిచింది, మూసింది. ఆ పుస్తకంలో ఉన్నది ఏ వరసలో ఎన్నో కుండీ ఏమిటన్నదే. ఆ వరసలే ఇప్పుడు లేవు.

"యే కిస్‌నే కియా?" అని అడిగింది, ఎవరు చేశారని.

"నేనేనమ్మా. బాగుంది కదేటి?" అన్నాను.

అప్పుడు ఆ పిల్ల నోటివెంట మొదటిసారి తెలుగు వచ్చింది. "నీ సేతులిరిగిపోనూ!" అంది. నాన్నమ్మ దగ్గర నేర్చుకున్న తిట్టు కాబోలు, అచ్చం మా ఊరి యాస. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సారీ అంకుల్ అంది. నాకు తిట్టు తగల్లేదు, ఆ పిల్ల మొహం తగిలింది. ఏడవలేదు. సున్నం కొట్టిన ఇటుకల మీద కూర్చుని, ఏ కుండీలో ఏముందో ఇప్పుడు దేవుడికే తెలియాలని అంది. అప్పటికి గాని నేనేం చేశానో నా బుర్రకెక్కలేదు.

మేనేజరు పరుగున వచ్చాడు. చెడ్డవాడేం కాదు, పైకి పంపాల్సిన రిపోర్టు తల మీద ఉన్నవాడు. విషయం విని తేలిగ్గా నవ్వేశాడు. "దీనికింత కంగారెందుకు? నీళ్ళు పోసినవీ పోయనివీ మట్టి చూస్తేనే తెలుస్తున్నాయి. రెండిట్లోనూ బాగున్నవి స్లాగువి, బాగోలేనివి కానివి. అలా రాసేసుకో."

"అలా రాయడానికైతే మొక్కలు పెంచడం దేనికి సార్?" అంది ఆ అమ్మాయి.

ఆమె ప్రొఫెసరుకి ఫోను చేసింది. ఆయన అరవలేదట, అదే ఎక్కువ భయపెట్టిందని తరువాత చెప్పింది. కుండీలన్నిటికీ ఉన్నచోటే కొత్త నంబర్లు వేయమన్నాడు. స్లాగు ఎందులో ఉందో మట్టిని బట్టి తేల్చగలిగితే చూద్దాం, మొక్కని చూసి మాత్రం ఒక్కటి కూడా తేల్చొద్దన్నాడు. మట్టి పరీక్షకి పంపితే ఫలితాలు రావడానికి నెల పడుతుంది. వారంలో ఉమ్మడి సమీక్ష ఉంది. అక్కడ ఈ సీజను చెల్లదంటే పరిశోధనకి ఇంకో సీజను ఇవ్వరు, ఆమె పట్టా అక్కడితో ఆగిపోతుంది.

ఆ రోజు నేను ఇంటికి వెళ్ళలేదు, నేరుగా జుగ్సలాయి బజారుకి వెళ్ళాను. స్లాగు యార్డులో పదేళ్ళూ నేను చూసిన పని ఒక్కటే: క్రేనుకి కట్టిన పెద్ద అయస్కాంతం చిట్టెంలోంచి ఇనుము ముక్కల్ని లాగడం. ఎంత లాగినా సన్న రజను మిగిలిపోతుంది. ఆ రజను కుండీల్లోకీ వెళ్ళి ఉండాలి కదా అనిపించింది. పాత ఇనుప సామాన్ల గోదాములో పాడైపోయిన స్పీకర్ల నుంచి రెండు అయస్కాంతాలు ఊడదీయించుకుని, మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి ముందు పెట్టాను.

"ఏటంకుల్ ఇది?" అంది. 'ఏటి' ఆమెకి అప్పుడే అంటుకుంది.

"సూదంటురాయి. సూడు, మన రోగానికి మందు దొరికిందేమో."

దీదీ డెబ్బై రెండు కుండీల నుంచి తలా రెండు చెంచాల మట్టి తీసి ఎండబెట్టి పొట్లాలు కట్టింది. పొట్లాల మీద వేరే అంకెలు వేసింది. ఏ పొట్లం ఏ కుండీదో రాసిన కాగితం తన టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది. మొక్క ఎలా ఉందో తెలిస్తే మన చెయ్యి ఒకవైపు ఒరుగుతుందని ఆ అమ్మాయి చేసిన ఏర్పాటు ఇది. నేనొకసారి మొహమాటం లేకుండా అడిగాను, దీదీ డబ్బా మూత తీయలేదు.

మొదటి పొట్లం కాగితం మీద పరిచి, పాలిథిన్ సంచిలో చుట్టిన అయస్కాంతాన్ని పైన తిప్పాను. నల్లటి రజను అంటుకుంది. నా గుండె నిండింది. రెండోదానికీ అంటుకుంది. మూడోదానికీ. పది పొట్లాలయ్యేసరికి నాకు చెమటలు పట్టాయి. ప్రతి దానికీ ఎంతో కొంత అంటుకుంటూనే ఉంది. ఈ మట్టిలోనే ఇనుము లేకపోతే ఈ ఊరే పుట్టేది కాదన్న సంగతి నాకు తట్టనే లేదు.

"పోనాదమ్మా. అన్నిట్లోనూ ఉంది," అన్నాను.

ఆమె ఆ పది పొట్లాల రజనూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఉందా లేదా అని కాదు అంకుల్. ఎంత ఉంది అని చూద్దాం."

కుండీలు నింపినప్పుడు మిగిలిన మట్టి మూడు బస్తాల్లో ఉంది, వట్టిది, సగం కలిపింది, పూర్తిగా కలిపింది. వాటి నుంచి అంతే మట్టి తూచి తీసుకుని, అయస్కాంతానికి ఎంత రజను వస్తుందో పదేసిసార్లు చూశాం. తూకానికి జుగ్సలాయిలో బంగారు పని చేసే తెలిసినాయన దగ్గర చిన్న కాటా అడిగి తెచ్చాను. కుండీల పొట్లాల నుంచి వచ్చిన రజను ఒక్కోటి మూడుసార్లు తూచాం. ఆదివారం కూడా వచ్చాం. ఫ్యాను వేస్తే రజను ఎగిరిపోతుందని ఉక్కలోనే కూర్చున్నాం. నేను సణిగాను, ఆమె సణగలేదు.

చివరికి వట్టి మట్టికీ పూర్తి మోతాదుకీ మధ్య తేడా తేలింది. సగం మోతాదు మాత్రం అటు కొంత, ఇటు కొంత కలిసిపోయింది. ఆమె స్కేలు పెట్టి రెండు గీతలు గీసి, ఆ రెండిటి మధ్య పడినవన్నీ కొట్టేయడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"అది ఇటు పడుద్ది కదమ్మా. ఇంచుమించు గీత మీదే ఉంది."

"పడుతుందేమో అంటే పడినట్టు కాదు అంకుల్."

డెబ్బై రెండింటిలో ఇరవై తొమ్మిది కొట్టేసింది. సగం మోతాదు కథ ఆ ఏటికి అక్కడితో ముగిసింది. ఆ ఇరవై తొమ్మిదీ నా ఖాతాలోవే.

అప్పుడు దీదీ డబ్బా తెరిచింది. ఏ పొట్లం ఏ కుండీదో ఒక్కొక్కటే చదువుతుంటే, ఆ అమ్మాయి రాసుకుంటూ పోయి ఒకచోట పెన్ను ఆపేసింది. పెద్దాయన ఫొటో దిగిన ముందు వరసలో స్లాగు ఉన్నవీ లేనివీ సమానంగా ఏపుగా ఉన్నాయి. నీళ్ళందినప్పుడు స్లాగు ఉన్నా లేకున్నా వరికి ఒకటేనన్నమాట. తేడా అంతా వెనక వరసలో ఉంది. నీళ్ళు లేని కుండీల్లో స్లాగు లేనివాటి ఆకులు సూదుల్లా చుట్టుకుపోయాయి, పూర్తి మోతాదు పడినవాటిలో చాలావాటికి ఆకు ఇంకా సగం విచ్చుకునే ఉంది. పరిశోధన మొత్తానికి పనికొచ్చే విషయం ఏదైనా ఉందంటే అదే. దాన్ని నేను వల చాటున దాచాను.

సమీక్షకి ముందురోజు మేనేజరు నన్ను పిలిచి టైపు చేసిన కాగితం ఇచ్చాడు. గాలివానకి జల్లు కొట్టి నంబర్లు చెరిగిపోయాయని, కింద నా సంతకానికి చోటు. "మీ మంచికే. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి, ఫైల్లో మచ్చ ఎందుకు?" అన్నాడు. నిజంగా నా మీద జాలితోనే అన్నాడు. కాగితం జేబులో పెట్టుకున్నాను.

అగ్రికోలో మా క్వార్టరుకి వెళ్ళి మా ఆవిడకి చూపించాను.

"సర్వీసంతా ఒక్క మాట పడనేదు. ఇప్పుడెందుకు? సంతకం ఎట్టీ," అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే బాగుందనిపించింది. అయినా ఆ అమ్మాయికి ఒక మాట చెబుదామని ఫోను చేశాను. 

"జల్లు కొట్టిందంటే ఎద్దడి కుండీలు తడిసినట్టే కదా అంకుల్. అప్పుడు ఎద్దడే లేదు. మిగిలిన నలభై మూడు కూడా పోతాయి," అంది. సంతకం పెట్టొద్దని మాత్రం అనలేదు. అని ఉంటే కోపం తెచ్చుకుని పెట్టేసేవాణ్ణేమో.

మా ఆవిడకి ఆ మాట చెప్పాను. ఆమె గిన్నెలు సర్దుతూ, "అయితే మరేటి సేత్తావు, నిజం రాయి," అంది. తెల్ల కాగితం తీసి నా చేత్తో రాశాను. ఫలానా రోజు, నా ఆర్డరు మీద, ఇలా గీకించాను, ఇలా పూయించాను, ఇలా జరిపించాను, కప్పు కింద ఒక్క చుక్క పడలేదు. రాస్తుంటే సిగ్గేసింది. రాశాక ఆకలేసింది.

సమీక్ష బిష్టుపూర్ ఆఫీసులో. పెద్దాయన, ప్రొఫెసరు, మేనేజరు, ఇంకా పదిమంది. తెర మీద మొదటి బొమ్మే ఆ ఫొటో, కింద 'స్లాగు వేసిన వరి' అని అక్షరాలు. నేను లేచి నిలబడి నా కాగితం చదివాను. హిందీలో చదివాను. మేనేజరు బల్లకేసి చూస్తున్నాడు. 

పెద్దాయన తెరవైపు చెయ్యి చూపించారు. "మరి నేను ఫొటో దిగింది దేనితో?"

"నీళ్ళు పోసిన మొక్కలతో సార్."

ఎవరో మూలన దగ్గారు. నవ్వాపుకున్నారో ఏమో తెలియదు. ప్రొఫెసరు నా కాగితం అడిగి తీసుకుని, రెండుసార్లు చదివి, ఇది ఉంది కాబట్టి నలభై మూడు కుండీల లెక్క నిలుస్తుందని చెప్పాడు. సగం మోతాదు సంగతి తేలాలంటే ఇంకో సీజను కావాలని అడిగాడు. తరువాత ఆ అమ్మాయి లేచి వెనక వరస గురించి చెప్పింది. చుట్టుకున్న ఆకుల్ని తెర మీద చూపించినప్పుడు పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. సీజను ఇచ్చారు. నాకు వార్నింగ్ లెటరు ఇచ్చారు. రెండూ ఒకేరోజు చేతికొచ్చాయి, రెండూ న్యాయమే.

మర్నాడు నర్సరీకి వెళితే ఆ అమ్మాయి నాకంటే ముందొచ్చి, కొత్త కుండీలకి కింద అడుగున ఇనుప సూదితో నంబర్లు చెక్కుతోంది. చెక్కడం దేనికి, అడుగున గేరు పూయరు కదా అని అడిగితే, "మీ సంగతి చెప్పలేం అంకుల్," అంది.

ఆ సీజనూ వచ్చింది, ఎద్దడి మధ్యలోనే మళ్ళీ ఇన్‌స్పెక్షన్ కబురొచ్చింది. గ్యాంగు అలవాటుగా గేరు బకెట్టుతో వచ్చి నిలబడింది. వాళ్ళని అంచు ఇటుకల దగ్గరికి పంపేసి, నేను పొద్దుటి నుంచి పాలిథిన్ కప్పు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. మేనేజరు వచ్చి కనీసం వాడినవైనా వెనక్కి జరపమని బతిమాలాడు. "కుదరదు సార్," అన్నాను. పాచి పట్టిన కుండీలు, పొడుగుదాని పక్కన పొట్టిది, పచ్చదాని పక్కన వాడింది, అలాగే ఉంచాను. అలా ఉంచడానికి నాకు ఎంత కష్టమైందో మీకు చెప్పలేను.

పెద్దాయన వచ్చి వరసల మధ్య నడిచారు. అన్నిటికంటే ఘోరంగా ఉన్న ఒక కుండీ ముందు గొంతుక్కూర్చున్నారు. ఆకులు పూర్తిగా చుట్టుకుపోయి ఉన్నాయి.

"ఇది బతుకుతుందా?" అని అడిగారు.

నేను అలవాటుగా "బతుకుద్ది సార్" అనబోయాను. ఆ అమ్మాయి అప్పటికే జవాబు చెప్పేసింది.

"తెలియదు సార్. అది తెలుసుకోవడానికే పెట్టాం."

ఆయన తలూపి పక్క కుండీకి జరిగారు. నా సర్వీసంతటిలో ఒక ఇన్‌స్పెక్షన్‌లో 'తెలియదు' అన్న మాట విన్నది అదొక్కసారే. ఆ మాటన్న పిల్ల అన్నచోటే నిలబడి, నోటుబుక్కు తెరిచి, ఆ రోజు కొలతలు రాసుకుంటోంది.